సఫారీకి ముందు రోజు: అరూషలో దిగినంక ఏమైతదంటే



పోస్టు కొంచెం పెద్దగ ఉంటది, తీరిగ్గ చదవండి. మా కాలేజీ నుంచి రెండో బ్యాచ్ వచ్చే నెల టాంజానియా పోతున్నది. అందులో మన పిల్లలు ఇద్దరున్నరు. "అక్కా, దిగిన రోజు ఏముంటది, ఏం చెయ్యాలె" అని వారం నుంచి మెసేజ్‌లు పెడుతున్నరు. ఒక్కొక్కళ్ళకు చెప్పే బదులు ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తదని రాస్తున్న. సింహాల గురించి, ఏనుగుల గురించి వీడియోలు మస్తు ఉన్నయి. దిగిన రోజు గురించి ఎవ్వరూ చెప్పరు. నాకు మాత్రం ఆ రోజే ఎక్కువ గుర్తుంది.

నేను హాస్టల్‌ల ఉండి బీఎస్సీ జువాలజీ మూడో సంవత్సరం చదువుతున్న. మా ఇంట్ల డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. మా సార్ గడ్డిభూముల మీద చేసే ప్రాజెక్టు కింద ఆరుగురిని తీసుకపోయిన్రు. టికెట్టు, వీసా, తిండి అంతా ప్రాజెక్టుదే. బూట్లు, బ్యాగు మాత్రం ఈ గ్రూపులో ఉన్న అన్నలు, అక్కలు తలా కొంత వేసి కొనిచ్చిన్రు. ఆ బాకీ ఇట్ల రాసి కొంతయినా తీర్చుకుంటున్న.

ముందు ఇక్కడ చెయ్యాల్సిన పని ఒకటుంది. మీ విమానం ఇథియోపియాలోని ఆడిస్ అబాబాలో మారుతది. అది ఎల్లో ఫీవర్ ఉన్న దేశం. అటు నుంచి వచ్చేటోళ్ళకు టీకా వేసుకున్న పసుపు కార్డు లేకపోతే మన దేశంలో దిగినంక ఆరు రోజులు విడిగా ఉంచొచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు టీకా పడాలె. హైదరాబాద్‌ల నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌ల వేస్తరు. ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతది. కార్డును పాస్‌పోర్టుతోటే పెట్టుకోండి, కింద వేసే బ్యాగుల పెట్టొద్దు. మలేరియా మాత్రలు డాక్టర్‌ను అడిగి రాయించుకోండి. దోమతెర, మలేరియా మనకు కొత్తేం కాదు కదా, నిర్లక్ష్యం చెయ్యకండి.

ఇగ దిగిన రోజు సంగతి. కిలిమంజారో విమానాశ్రయం చాలా చిన్నది. మెట్లు దిగి నేల మీద నడుచుకుంటనే లోపలికి పోతం. మధ్యాహ్నం దిగినం. 5,895 మీటర్ల కొండ ఎదురుంగ కనిపిస్తదని ఆశపడ్డ. మబ్బులు తప్ప ఏం కనపడలే. కండ్ల ముందే ఉంటది గానీ కనపడదు, బాధపడకండి.

నాకు మొదటి ఇబ్బంది అక్కడనే వచ్చింది. అవ్వ ఇప్పపువ్వు లడ్డూలు చేసి నాలుగు ప్లాస్టిక్ కవర్లల్ల కట్టి పెట్టింది. టాంజానియాలో 2019 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు బంద్. విమానాశ్రయంల దిగంగనే అక్కడనే వదిలెయ్యాలె. నాకు ఆ సంగతి తెల్వది. అక్కడున్న మేడం కోపం చెయ్యలే, కవర్లు మాత్రం తీసేయమంది. లైన్‌ల అందరి ముందు బ్యాగు విప్పి, లడ్డూలు నా చున్నీల మూట కట్టుకున్న. సిగ్గుతోటి చచ్చిపోయిన. మీరు స్టీలు డబ్బా తీసుకపోండి. సబ్బు, పేస్టు పెట్టుకునే జిప్ కవర్లయితే ఏమనరు.

తర్వాత వేలిముద్రలు. పోయేముందు సెలవులల్ల ఇంటికాడ పత్తి ఏరిన. వేళ్ళ కొసలు గీసుకపోయి ఉన్నయి. మిషన్ రెండుసార్లు తీసుకోలే. రేషన్ దుకాణంల అవ్వకు అయినట్టే నాకూ అయితదేమో, ఇక్కడి నుంచే వాపస్ పంపుతరేమో అని గుండె దడదడ కొట్టుకుంది. మూడోసారికి పడింది. భయపడకుండ వేలు తుడుచుకొని మల్ల పెట్టండి. ఎందుకొచ్చినవ్, ఎన్ని రోజులుంటవ్, ఎక్కడుంటవ్ అని మూడు ప్రశ్నలే అడుగుతరు. లాడ్జి అడ్రసు కాగితం మీద రాసుకొని పెట్టుకోండి. ఫోన్‌ల పెట్టుకుంటే అప్పుడే చార్జింగ్ అయిపోతది. చార్జింగ్ అంటే గుర్తొచ్చింది, అక్కడి ప్లగ్గులకు ఎక్కువగ మూడు చదరపు కాళ్ళుంటయి. వాటిల్ల మన గుండ్రటి పిన్నులు పట్టయి. అడాప్టర్ ఇక్కడనే కొనుక్కోండి.

అక్కడి నుంచి అరూషకు ఇంచుమించు 50 కిలోమీటర్లు. మా డ్రైవరన్న ల్యాండ్ క్రూజర్ తెచ్చిండు. డ్రైవరూ, గైడూ ఆయనే. అక్కడ కూడ మన లెక్క ఎడమ పక్కకే నడుపుతరు. ఊరొచ్చిందంటే 50 స్పీడు దాటరు, పోలీసులు నిలబడి ఉంటరు. దారి పొడుగుతా మక్క చేన్లు, అరటితోటలు, మేకలు కాసే పిల్లలు. మా ఊరి తొవ్వ లెక్కనే అనిపించింది. కానీ చలి! ఆఫ్రికా అంటే ఎండలే అనుకొని పోయిన. అరూష 1,400 మీటర్ల ఎత్తుల ఉంటది. భూమధ్యరేఖకు దక్షిణం పక్క కాబట్టి జూలైలో అక్కడ చలికాలం. స్వెట్టర్ తప్పకుండ పెట్టుకోండి. ఎన్గోరోంగోరో కొండ అంచు మీద ఇంకా చలి.

భాష గురించి. పెద్దోళ్ళు కనపడితే "షికామో" అనండి. వాళ్ళు "మరహబా" అంటరు. ఇది పెద్దోళ్ళ కాళ్ళు మొక్కినట్టు అన్నమాట. ఒక్క ఆ మాట తోటి లాడ్జిల వంట చేసే అమ్మ నన్ను దగ్గరికి తీసింది. చాయ్‌ని అక్కడ కూడ చాయ్ అనే అంటరు, చపాతీని చపాతి అంటరు, బండిని గారి అంటరు, అది మన గాడీనే. సఫారీ అంటే వాళ్ళ భాషల ప్రయాణం అంతే. మన దిక్కు సఫర్ అన్నట్టు. పొద్దుమీకి ఉగాలి పెట్టిన్రు. మక్కపిండితో గట్టిగ చేసిన గట్క అది! పక్కకు మ్చిచా, అంటే తోటకూర. మా ఫ్రెండ్స్ ఐదుగురు మొకాలు చూసుకుంటున్నరు. నేను చేత్తోటి ముద్ద చేసుకొని తింటుంటే ఆ అమ్మ ఒకటే నవ్వు. హాస్టల్‌ల మొదటి సంవత్సరం గట్క అన్నందుకే నన్ను ఎక్కిరించిన్రు. ఆ రాత్రి రెండుసార్లు వడ్డించుకున్న.

టైముతోటి జాగ్రత్త. వాళ్ళ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అది కాక స్వాహిలీల గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్క పెడతరు. పొద్దుగాల ఏడు అయితే వాళ్ళకు ఒంటిగంట. పొద్దున చాయ్ ఎప్పుడని అడిగితే వంట అమ్మ పన్నెండు అంది. ఆకలితో మధ్యాహ్నం దాకా ఎట్ల అని నేను లడ్డూలు లెక్కపెట్టుకుంటున్న. డ్రైవరన్న చెప్పిండు, ఆమె పన్నెండు అంటే మన ఆరు గంటలు. పొద్దును చూసి లెక్కపెట్టుడు మన తాతలకు కూడ తెలిసిందే కదా.

రాత్రి తిన్నంక డ్రైవరన్న మమ్మల్ని కూర్చోబెట్టి రేపటి సంగతులు చెప్పిండు. రాసుకోండి:

బండి పైకప్పు లేస్తది, నిలబడి చూడొచ్చు గానీ బయటికి వంగొద్దు. చెప్పనిది బండి దిగొద్దు. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు, సెట్సీ ఈగలు వాటి మీదకే వస్తయి, కుడితే మంట. దుమ్ముకు రుమాలు ఉంచుకోండి. నల్లా నీళ్ళు తాగొద్దు. ఆరోగ్యం బాగలేకపోయినా, బాత్రూంకు ఆపాలన్నా సిగ్గుపడకుండ ముందే చెప్పాలె, ఆడపిల్లలు మరీ. అడగకుండ మనుషుల ఫోటో తియ్యొద్దు. ఈ చివరి మాట ఆయన రెండుసార్లు చెప్పిండు. నాకు మన జాతరలకు కెమెరాలు పట్టుకొని వచ్చేటోళ్ళు గుర్తొచ్చిన్రు.

అందరూ పండుకోను పోయిన్రు. నేను పళ్ళెం కడిగి ఇద్దామని ఆగిన. డ్రైవరన్న అడిగిండు, "నీది ఏ కబీలా?" అని. కబీలా అన్న మాట నాకు సమజైంది. గుండె జల్లుమంది. హాస్టల్‌ల ఎవరన్నా "మీరేంట్లు" అని అడిగితే ఆ తర్వాత ఏమొస్తదో మనందరికీ తెలుసు. ఆయన మాత్రం "నేను మసాయి" అని ముందే చెప్పి, నా జవాబు కోసం చూస్తున్నడు. "గోండు" అన్న. "మీకు పశువులున్నయా?" అన్నడు. "నాలుగు ఎడ్లు, రెండు ఆవులు" అన్న. వాటి రంగులు కూడ అడిగిండు. నా జిందగీల అట్ల అడిగినోళ్ళు లేరు.

అప్పుడు ఆయన తన ముచ్చట చెప్పిండు. వాళ్ళ తాత వాళ్ళు సెరెంగెటిల పశువులు మేపుకునేటోళ్ళు. ఆ పేరే వాళ్ళ భాష నుంచి వచ్చింది, అంతు లేని మైదానం అని. 1951ల దాన్ని నేషనల్ పార్క్ చేసిన్రు. 1959ల అక్కడి మసాయిలను ఎన్గోరోంగోరోకు పంపిన్రు. అక్కడ జంతువులూ ఉంటయి, మీరూ ఉండొచ్చు అన్నరు. 1975ల అక్కడ వ్యవసాయం బంద్ చేసిన్రు. 2022 నుంచి అక్కడి నుంచి కూడ కుటుంబాలను వందల కిలోమీటర్ల దూరంల ఉన్న ఎమ్సొమెరా అనే ఊరికి పంపుతున్నరు. ఆయన బంధువులు కొందరు పోయిన్రు, కొందరు పోమని కూర్చున్నరు. "రేపు కాదు ఎల్లుండి మా తాత దొడ్డి ఉన్న దిక్కు మిమ్మల్ని తీసుకపోత. టికెట్టు కొనుక్కొని పోతం" అన్నడు. ఏడవలే, కోపం చెయ్యలే. మామూలుగనే చెప్పిండు.

నాకు నిద్ర పట్టలే. ఎందుకంటే మా మేనత్త వాళ్ళ ఊరు పులుల అడవి కోర్‌ల ఉంది. ఖాళీ చేస్తే కుటుంబానికి 15 లక్షలు, లేకపోతే భూమి, ఇల్లు అని చెప్పిన్రు. నేను పోయే ముందు అత్త ఫోన్ చేసి, "బిడ్డా, నువ్వు జంతువుల చదువే చదువుతున్నవ్, ఏం చెయ్యమంటవ్" అని అడిగింది. రెండో మాట లేకుండ "పైసలు తీస్కోండి అత్తా, పిల్లలు టౌన్‌ల చదువుకుంటరు" అన్న. పులులు ఉండాలె, నాకు ఇప్పటికీ అదే అభిప్రాయం. కానీ ఒక్క ప్రశ్న కూడ అడగకుండ జవాబు చెప్పిన కదా, అది ఆ రాత్రి పొడిచింది.

అక్కడ తెల్లారకముందే, ఇక్కడ ఏడు అయినంక, లాడ్జి వైఫై పట్టుకొని అత్తకు ఫోన్ చేసిన. "అత్తా, నేను తొందరపడి చెప్పిన. సంతకం పెట్టేముందు అడగండి. నీళ్ళు ఎక్కడ? పశువులు ఎక్కడ మేస్తయి? పట్టా ఎవరి పేరు మీద, చేతికి ఎప్పుడిస్తరు? అకిపేన్‌కు మొక్కనీకి మల్ల రానిస్తరా?" అన్న. 2006 అటవీ హక్కుల చట్టం 4(2) సెక్షన్ ప్రకారం గ్రామసభ ఒప్పుకోనిది పంపొద్దని, అన్నీ తెలిపి రాతపూర్వకంగ సమ్మతి తీసుకోవాలని కూడ చెప్పిన. అత్త చాలాసేపు మాట్లాడలే. తర్వాత "అక్కడ తిన్నవా?" అంది. "గట్క తిన్న" అంటే నమ్మలే.

ఊరు ఇంకా తేల్చుకోలే. అత్త కొడుకు పోదామంటున్నడు, మామ వద్దంటున్నడు. పటేల్ మాత్రం ఆ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాయించి గ్రామసభల పెట్టిండు. జవాబు కోసం చూస్తున్నరు. నేను ఇప్పుడు పొమ్మనట్లే, వద్దనట్లే.

తమ్ముడూ, చెల్లే, మీకు చెప్పేది ఇదే. దిగిన రోజు జంతువులేం కనపడయి. అలిసిపోతరు, భయమైతది. అయినా రాత్రి తిన్నంక వెంటనే పండుకోకండి. కాసేపు కూర్చోండి. మీ కబీలా ఏందని ఎవరన్నా అడిగితే గట్టిగ చెప్పండి. స్టీలు డబ్బా మర్చిపోవద్దు.

జోహార్.