పదో నంబరు

కొన్నేళ్ల కిందట ఒక పాప ఒక్కతే మా మీద ఆరు గోల్స్ కొట్టింది. అండర్-14 బాలికల హాకీ, జిల్లా స్కూల్ గేమ్స్. ధర్మవరం ఇంకా అనంతపురం జిల్లాలోనే ఉన్న రోజులు. ఎర్రమట్టి గ్రౌండు, అక్కడక్కడ గులకరాళ్లు, గోల్ ముందు సున్నంతో గీసిన డీ సగం గాలికే పోయింది. అలాంటి నేల మీద బంతి ఎటు ఎగురుతుందో కొట్టినవాళ్లకే తెలీదు. పదో నంబరు చొక్కా వేసుకున్న ఆ లెఫ్ట్ ఇన్‌కు మాత్రం తెలిసేది.

నేను అందరు పీఈటీల మాదిరే గట్టు మీంచి "పదో నంబరును వదలద్దు" అని అరిచాను. ముగ్గురు ఆమె మీదికి పోయారు. ముగ్గుర్నీ దాటితే ఇంక గోల్‌కీపర్ తప్ప ఎవరుంటారు? మా కీపర్‌వి అరువు ప్యాడ్లు, తొడల దాకా వచ్చేవి. చిత్తూరు జిల్లా పల్లె నుంచి పోయి ఇండియాకు గోల్ కాసిన రజని పేరు చెప్పి ఆ పిల్లకు ధైర్యం నూరిపోశాను. ఆరో గోల్ తర్వాత ఆ పేరెత్తలేదు.

ఒక గోల్ అయితే చేజేతులా ఇచ్చుకున్నాం. ఫ్రీ హిట్‌ను ఇంకొకరికి అందించకుండా తానే తట్టుకుని పరుగెత్తొచ్చన్న రూలు 2009లోనే వచ్చింది. మావాళ్లు ఫౌల్ కాదని అంపైర్‌తో వాదిస్తూ నిలబడితే ఆమె మా గోల్ ముందుకు చేరిపోయింది.

మరుసటేడు కొత్తగా మొదలుపెట్టాను. పదో నంబరును కాచే రైట్ హాఫ్‌గా వేగమున్న పిల్లను కాకుండా తొందరపడని పిల్లను ఎంచుకున్నాను. రెండు వారాలు ఆమెకు స్టిక్కే ఇవ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తొమ్మిదో తరగతి అబ్బాయి బంతితో ఎటు పోతే అటు అడుగులు వేయడమే పని. ఆత్రపడి స్టిక్ విసిరితే అవతలివాళ్లు దాటిపోయినట్టే. హాకీ స్టిక్‌కు చదును ఒకవైపే. ఎడమచేతివాటం స్టిక్ అంటూ ఉండదు. అందుకే ఎంత ఆటగత్తె అయినా బంతి తన ఎడమపక్కకు పోతే స్టిక్ తిప్పి ఆడాల్సిందే. ఆ తిప్పేంతసేపే మనకు దొరికేది. "పదో నంబరుకు కుడిపక్క మూసెయ్, ఎడమపక్క వదులు, అటు సైడ్‌లైన్ ఉంది" అని చెప్పాను. పోయినేడు ఆమెకు బంతి ఎక్కువగా వాళ్ల సెంటర్ హాఫ్ నుంచే అందింది. అందుకని మా సెంటర్ ఫార్వర్డ్‌ను ఆ సెంటర్ హాఫ్‌కు అడ్డం నిలబడమన్నాను.

సెమీస్‌లో మళ్లీ వాళ్లే తగిలారు. ముందురాత్రి ఒక బడి తరగతి గదిలో బెంచీలు పక్కకు జరిపి పడుకున్నాం. పక్కనున్న సారొకాయన "ఇంత తంటా ఎందుకు? మొదట్లోనే చీలమండకు ఒకటి తగిలిస్తే సరి" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఊరుకోకూడదు. తెల్లారి మా రైట్ హాఫ్ వచ్చి మెల్లగా అడిగింది: "కొట్టల్లా సార్?"

"వద్దమ్మా. స్టిక్ నేలకే ఆనించి ఉంచు."

హాకీలో ఆఫ్‌సైడ్ లేదు; దాన్ని 1990ల్లోనే ఎత్తేశారు. పదో నంబరు మా గోల్ పక్కనే నిలబడి ఎదురుచూసినా తప్పు కాదు. నిలబడింది కూడా. మా పిల్ల ఆమెను అంటిపెట్టుకునే ఉంది. సగం ఆటయినా ఆమెకు ఒక్క షాట్ దొరకలేదు. గట్టు మీద నా ఛాతీ ఉబ్బింది.

ఆ తర్వాత ఆమె బంతి అడగడం మానేసింది. తీరిగ్గా కార్నర్ వైపు నడిచింది. మా పిల్ల కూడా వెంట పోయింది. డీ ముందు తలుపు తీసినట్టయింది. ఎవరూ పట్టించుకోని ఒక సన్నపాటి పిల్ల ఆ సందులోంచి వచ్చి కొట్టింది. 1-0. నేను అరిచే లోపే అయిపోయింది. నా ఎత్తు ఆ పదమూడేళ్ల పిల్లకు నాకన్నా బాగా అర్థమైంది.

ఓడినా తోటి సార్లు నా భుజం తట్టారు, పదో నంబరును కట్టేశావని. మా రైట్ హాఫ్ మాత్రం నీళ్ల బాటిల్ పట్టుకుని ఒక పక్కన కూర్చుంది. "నేను బంతి ఒక్కసారి గూడా కొట్టలేదు సార్" అంది. గుర్తు చేసుకుని చూస్తే నిజమే. వాళ్ల నాయన ఆ పూట మగ్గం ఆపుకుని చూడ్డానికొచ్చాడు. హాకీ తెలియని మనిషి. "మా పాపకు బంతి ఇయ్యరా సార్?" అని అడిగాడు. మార్కింగ్ గురించి ఆయనకు ఏదో చెప్పబోయి మధ్యలో ఆపేశాను.

మరుసటి పొద్దున మూడో స్థానం మ్యాచ్. ఆ పిల్లను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాను. విజిల్ వేయబోతుండగా గట్టు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఈ పొద్దు ఎవుర్ని పట్టుకోవల్ల సార్?"