ఆయకట్టులో ఏనుగులు

శ్రీలంకలో దంబుల్ల దాటాక చెరువు పక్కగా పోయే చిన్న రోడ్డులో బస్సు చాలాసేపు నడిచింది. హోటల్ మాత్రం ఎక్కడా కనిపించలేదు. చివరికి కొండ మలుపులో ఆగితే ఎదురుగా ఎత్తైన వాకిలి, దాని పక్కన నల్లటి బండ. ఆ బండ అలాగే లోపలిదాకా వచ్చి నడవకి ఒకవైపు గోడ అయింది. చేత్తో తడిమితే చల్లగా, కాస్త చెమ్మగా తగిలింది. ఇంకొంచెం ముందుకి నడిచేసరికి గోడల్లేని హాలు. దాని అవతల కందలామ చెరువు, దూరంగా సిగిరియ కొండ.

ఈ కందలామ హోటల్ కట్టిన కథ తెలుసుకుని వెళ్తే దాన్ని చూసే చూపు మారుతుంది. శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావాకి (1919–2003) మొదట చూపించిన స్థలం సిగిరియ కొండ పాదం దగ్గరిది. ఆయన ఒప్పుకోలేదు. హెలికాప్టర్లో తిరిగి చూసి ఈ కొండ అంచుని ఎంచుకున్నారు. 1990ల మొదట్లో ఇక్కడ పెద్ద గొడవే జరిగింది. అడవి పోతుందని, చెరువు పాడవుతుందని, దంబుల్ల గుహాలయానికి ఇంత దగ్గర్లో హోటలేమిటని భిక్షువులు, పర్యావరణ కార్యకర్తలు రోడ్డెక్కారు. ఆ గొడవ ఊరికే పోలేదనే నా నమ్మకం. అందరి కళ్లూ తమ మీదే ఉన్నాయని తెలిసి కట్టినవాళ్లు ప్రతి రాయి దగ్గరా ఆగి ఆలోచించినట్టున్నారు. 1994లో తెరిచిన ఈ కట్టడం దాదాపు కిలోమీటరు పొడవున స్తంభాల మీద నిలబడి ఉంది. కొండ మీద పడ్డ వాన దాని కింద నుంచే చెరువులోకి పోతుంది. పైకప్పుల మీద చెట్లూ చేమలూ పెరిగాయి. ముందువైపు తీగలు ఎంతగా అల్లుకున్నాయంటే, చెరువు అవతలి ఒడ్డు నుంచి చూస్తే గదులెక్కడున్నాయో వెతుక్కోవాలి.

బాల్కనీ తలుపుకి గొళ్లెం వేసుకోమని గదిలో రాసి పెట్టారు. ఎందుకో సాయంత్రం తెలిసింది. నెత్తిన జుట్టు టోపీలా పరుచుకున్న కోతుల గుంపు ఒకటి తీగలు పట్టుకుని అంతస్తు తర్వాత అంతస్తు తలుపులు లాగి చూసుకుంటూ పోయింది. శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా లేని కోతి జాతి ఇది. వాటి వెనక కొండముచ్చులు నిదానంగా వచ్చి రెయిలింగు మీద కూర్చున్నాయి. రాత్రి మెట్ల దగ్గర శిల్పి లకీ సేనానాయక చేసిన పెద్ద లోహపు గుడ్లగూబ రెక్కలు విప్పుకుని కనిపించింది. ఆ మెట్లు దిగుతున్నంతసేపూ మా బృందంలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

తెల్లారగానే గైడ్ గారు మమ్మల్ని చెరువు కట్ట మీదికి తీసుకెళ్లారు. యాభై దాటిన సింహళీయుడు, పొలన్నరువ జిల్లా రైతు కుటుంబం. విమానాశ్రయంలో మమ్మల్ని ఎక్కించుకున్నప్పటి నుంచీ ఆయన ఏనుగుల గురించి అడిగితే చెరువుల గురించి చెబుతున్నారు. కారణం ఆ పొద్దున అర్థమైంది. మాతో వరంగల్ వైపు ఇరిగేషన్ శాఖలో ఈఈగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. రామప్ప, పాకాల, లక్నవరం ఆయనకి కొట్టిన పిండి. కట్ట మీద కాలు పెట్టగానే "తూము ఎక్కడ?" అని అడిగారు. గైడ్ గారి ముఖం విప్పారింది. పుల్ల తీసుకుని మట్టిలో గీస్తూ బిసోకొటువ ఎలా పనిచేస్తుందో చెప్పారు. కట్ట లోపలివైపు రాళ్లతో చతురస్రంగా కట్టిన బావి అది. చెరువు నీరు ముందు ఆ బావిలోకి దిగుతుంది, అక్కడ జోరు తగ్గాకే కట్ట కింది కాలువలోకి పోతుంది. అంత పెద్ద చెరువుల ఒత్తిడికి తూములు కొట్టుకుపోకుండా నిలిచింది ఈ ఉపాయం వల్లే. క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటికే సింహళ శిల్పులకి ఇది తెలుసు. పెద్దాయన గొంతుక్కూర్చుని ఆ గీతల్ని చాలాసేపు చూశారు.

శ్రీలంక ఉత్తర, తూర్పు భాగాలకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి దాకానే. మిగతా కాలమంతా చెరువు నీరే దిక్కు. వరికీ, మనుషులకీ, పశువులకీ ఎంతో ఏనుగుకీ, జింకకీ, కొంగకీ అంతే. మనం అడవి అనుకుని జీపెక్కి చూసేదాంట్లో సగం ఆనాటి రాజులు తవ్వించిన చెరువుల అంచు. ఊళ్లలో పొలం చివర కొంత మడిని కోయకుండా పక్షులకి వదిలేసే ఆచారం ఉందట, కురులు పాలువ అంటారు. మా వైపు ఇంటి చూరుకీ గుడి మండపానికీ వరి కంకుల కుచ్చులు కట్టి పిచ్చుకలకి వదిలేస్తారని చెబితే గైడ్ గారు ఆ కుచ్చు ఎలా అల్లుతారో అడిగి మరీ తెలుసుకున్నారు.

మిన్నేరియ చెరువుని మూడో శతాబ్దం చివర్లో మహాసేన రాజు కట్టించాడు. అంబన్ గంగ నుంచి ఎలహెర కాలువ ద్వారా నీళ్లు తెచ్చి నింపాడు. అందుకే రైతులు ఆయన్ని మిన్నేరియ దేవుడిగా కొలుస్తారు. 1997లో చుట్టూ ఉన్న అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఎండాకాలం ముదిరి ఆగస్టు, సెప్టెంబరు నాటికి నీరు వెనక్కి తగ్గితే చెరువు అడుగున లేత పచ్చిక మొలుస్తుంది. దాని కోసం చుట్టుపక్కల అడవుల నుంచి ఏనుగుల మందలు దిగుతాయి. మంచి సంవత్సరాల్లో రెండు మూడు వందలు ఒకేచోట చేరేవి. ఆసియా ఏనుగులు ఇంతగా ఒకచోట చేరడం ఇంకెక్కడా లేదు.

సాయంత్రం హబరణ నుంచి జీపుల్లో వెళ్లాం. మిగతా జీపులు మందకి దగ్గరగా పోతుంటే గైడ్ గారు మా డ్రైవర్‌ని దూరంగానే ఆపమని, ఇంజన్ కట్టేయమని అన్నారు. కాసేపు మాలో కొందరికి కష్టంగా అనిపించిన మాట నిజమే. తర్వాత ఒక ఆడ ఏనుగు తనంతట తనే మేస్తూ మా వైపు వచ్చింది. పచ్చిక పొట్టిగా ఉంటే తొండంతో పీకడం కుదరదు. అది ముందుకాలి గోళ్లతో నేలని తన్ని గడ్డిని వేళ్లతో సహా లేపింది. తొండంతో కుప్పగా పోగేసింది. ఆ కుప్పని మోకాలికేసి రెండు మూడు సార్లు కొట్టి మట్టి దులిపాకే నోట్లో పెట్టుకుంది. పక్కనున్న గున్న తన్నడం నేర్చింది కానీ దులపడం ఇంకా పట్టుబడలేదు. మట్టితోనే నోట్లో పెట్టుకుని, ఉమ్మి, తల్లి నోటి దగ్గరున్న గడ్డికి తొండం చాపింది. తల్లి ఇచ్చేసింది.

అరవై దాకా లెక్కపెట్టి ఆపేశాను. గైడ్ గారు మాత్రం దిగులుగానే ఉన్నారు. పైన మొరగహకంద జలాశయం వచ్చాక ఎండాకాలంలో కూడా నీళ్లు వదులుతున్నారు. మిన్నేరియ నిండుగా ఉంటే పచ్చిక మునిగిపోతుంది. మేత లేని మందలు పొలాల మీద పడతాయి. 2011 లెక్కింపులో ద్వీపమంతా కలిపి 5,879 ఏనుగులున్నాయి. ఇటీవలి సంవత్సరాల్లో ఏటా వందల ఏనుగులు, వందమందికి పైగా మనుషులు ఈ తగవులో చనిపోతున్నారు. తుపాకి, కరెంటు తీగ, రైలు, కాయలో పెట్టిన మందుగుండు, అన్నీ ఏనుగుల ప్రాణం తీస్తున్నాయి. పేలుడుకి దవడ చితికిన గున్నలు ఆకలితో చనిపోతాయని ఆయన చెబుతుంటే వినలేకపోయాను.

కాండీలో ఆగింది కొద్దిసేపే. దంత ధాతువు ఆలయం ముందున్న సరస్సుని 1807లో వరిమడుల మీద కట్టించింది చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు. 1739 నుంచి కాండీని ఏలిన నాయక్కర్లు మధుర నాయకుల బంధువర్గం, తెలుగు మూలాల వాళ్లు. 1815లో ఇంగ్లీషువాళ్లు ఆ చివరి రాజుని దించి వేలూరు కోటలో ఉంచారు. రాజ్యం పోయినా సరస్సు మిగిలింది. గట్టు పక్క నీళ్లలో నిలువెత్తు నీటి ఉడుము ఈదుతోంది, రాతి గోడ మీద జనం కూర్చుని పల్లీలు తింటున్నారు. తెలుగు రాజు తవ్వించిన సరస్సు పక్కన తెలుగులో మాట్లాడుకుంటూ నడవడం నాకు గర్వంగానే ఉంది. తంబుత్తెగమ వైపు ఊళ్లలో అహికుంటక అనే పాములవాళ్ల తెగ ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. మామూలు టూరులో వాళ్ల ఊరు ఉండదు. ఉండాలని నా కోరిక.

సింహరాజ అడవికి మాత్రం ఏ చెరువుతోనూ పని లేదు. అక్కడ ఏడాది పొడవునా వానే. కాలు, గిన్ నదులకి నీళ్లిచ్చేది ఈ అడవే. 1970ల్లో ప్లైవుడ్ కోసం యంత్రాలతో నరుకుతుంటే జనం అడ్డుపడి ఆపించారు. 1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మేం దిగింది తేయాకు తోట అంచున కొద్ది గదులున్న లాడ్జి. టీవీ లేదు, ఏసీ లేదు. రాత్రి ఇంటివాళ్లు వరండాలో తెల్ల దుప్పటి కట్టి దీపం పెట్టారు. ఎన్ని రకాల చిమ్మటలు వచ్చి వాలాయో! భోజనాలు చల్లారిపోతున్నా ఎవరూ అక్కడి నుంచి కదల్లేదు. ఈ యాత్ర మొత్తంలో నాకు నచ్చిన బస కందలామ, దాని తర్వాత ఇదే. మధ్యలో ఒక పెద్ద హోటల్లో కూడా దిగాం. పాలరాయి, ఫౌంటెన్, రాత్రంతా డీజే. కిటికీ బయట అడవి ఉన్నా ఒక్క పిట్ట కూత వినిపించలేదు.

పొద్దున జలగలు పట్టకుండా మోకాళ్ల దాకా గుడ్డ మేజోళ్లు తొడుక్కుని అడవిలోకి నడిచాం. సింహరాజలో పక్షులు విడివిడిగా కాకుండా గుంపుగా వస్తాయి. నారింజ రంగు ముక్కు బాబ్లర్లు గోలగోలగా ముందు నడుస్తుంటే, మన పసులపోలిగాడికి చుట్టమైన జుట్టు డ్రోంగో కాపలా కాస్తుంది. పదీ పన్నెండు జాతులు ఆ వెంటే మేసుకుంటూ పోతాయి. ఎర్ర ముక్కు నీలి మాగ్పై రెండడుగుల దూరంలో వాలి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ఊరి అడవి గైడ్ మమ్మల్ని దారి పక్కన ఆపి ఫెర్న్ ఆకుల మధ్యకి వేలు చూపించాడు. అంతసేపూ ఎండుటాకు అనుకున్నది కళ్లు తెరిచింది. అరచేతిలో పట్టేంత గుడ్లగూబ, తుప్పు రంగు, పసుపు కళ్లు. 1995లో పక్షి పరిశోధకుడు దీపల్ వరకాగొడ దీని కూత మాత్రం విన్నారు. ఏ పక్షిదో తెలియలేదు. 2001లో కంటితో చూశారు, 2004లో కొత్త జాతిగా పేరు పెట్టారు. 1868 తర్వాత శ్రీలంకలో దొరికిన కొత్త పక్షి ఇదే. ఒక కూతని పట్టుకుని ఆరేళ్లు వెతికిన మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఉడవలవలో అనాథ ఏనుగు గున్నల కేంద్రం ఉంది, 1995లో మొదలైంది. మూడు గంటలకోసారి పాలు పడతారు. మనం దూరంగా మెట్ల మీద కూర్చుని చూడాలి, ముట్టుకోనివ్వరు. గేటు తీయగానే గున్నలు పరిగెత్తుకొచ్చి గరాటు గొట్టాన్ని నోటికందుకున్నాయి. వాటా అయిపోయిన ఒకటి వెనక్కి వెళ్లినట్టే వెళ్లి మళ్లీ వరసలో దూరింది. ముందుకాలికి గాయమైన గున్న అన్నిటికంటే చివర వచ్చింది. దాని కోసం పాలు పోసే కుర్రాడు కదలకుండా నిలబడ్డాడు. పెద్దయ్యాక స్నేహితులతో కలిపి అడవిలోకి వదిలేస్తారు. ఇప్పటిదాకా వందకి పైగా అలా వెళ్లాయి. మనిషి చేసిన గాయానికి మనిషే మందు వేస్తున్న చోటు. వెళ్లినవాళ్లు ఇది చూడకుండా రావద్దు.

అక్కడికి దగ్గర్లోనే జలాశయం కట్ట మీది రోడ్డు పక్కన కరెంటు కంచెకి ఆనుకుని మగ ఏనుగులు తొండాలు చాపి నిలబడ్డాయి. పళ్లు అమ్మే బండ్లు బారుగా ఉన్నాయి. మా పిల్లలు ఆపమని బతిమాలారు. గైడ్ గారు ఆపలేదు. "ఈరోజు మీ చేతి పండు తింటుంది, రేపు అదే పండు కోసం ఎవరి పెరట్లోకో పోతుంది. అప్పుడు ఒకరు పోతారు" అన్నారు. భోజనానికి ఆపిన చోట మట్టి చట్టిలో గడ్డ గేదె పెరుగు, మీద కితుల్ పానకం పెట్టించారు. కితుల్ మన మన్యంలోని జీలుగు చెట్టే. పిల్లల కోపం పోయింది.

కొలంబో దారిలో పెద్దాయన మళ్లీ మిన్నేరియ దగ్గరికే వచ్చారు. ఆయకట్టు ఎంత, వరి ఏ నెలలో కోతకొస్తుంది, పై జలాశయంలో ఎన్నాళ్లు నిలపొచ్చు అని ఒక్కోటీ అడిగారు. "కోతలప్పుడు మడికి నీళ్లక్కర్లేదు కదా. ఆ ఆరువారాలు పైనే ఆపితే ఇటు రైతుకీ నష్టం లేదు, అటు ఏనుగుకీ గడ్డి దొరుకుతుంది" అన్నారు.

"నాకూ ఆ చెరువు కింద రెండెకరాలుంది సర్" అన్నారు గైడ్ గారు. "నీళ్లు ఎప్పుడు వదలాలో సీజను ముందు రైతుల మీటింగులో తేలుస్తారు. చెరువు నిండుగా కనిపించకపోతే మావాళ్లకి భయం. ఏనుగుల కోసం అంటే వినరు. పోయినేడు ఏనుగు తొక్కిన పొలం వాళ్లది. మీరు ఇరిగేషన్ ఇంజనీరు కాబట్టి ఆ లెక్క కాగితం మీద రాసివ్వండి, మీటింగులో చదువుతాను."

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని నోట్‌బుక్ తీశారు. "ఎలహెర కాలువలో సెకనుకి ఎన్ని ఘనపుటడుగులు పారుతుందో చెప్పండి" అని అడిగారు.