బొమ్మల చదువు

మన ఇళ్ళల్లో ఆడపిల్ల బొమ్మలేస్తే మురిసిపోనివాళ్ళుండరు. చుట్టాలందరికీ చూపిస్తాం. ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తాం. అదే పిల్ల "నేను బొమ్మలే చదువుకుంటాను" అందా, ఇల్లంతా గప్‌చిప్!

ఇంటర్ పాసైన మా అమ్మాయి బి.ఎఫ్.ఏ.లో చేరతానంటే మా మరిది తేలిగ్గా తేల్చేశాడు. "ఎందుకు వదినా? బాపుగారు ఏ కాలేజీలో నేర్చుకున్నారు? ఆయన చదివింది లా! చేతిలో ఉంటే ఇంట్లో కూర్చున్నా వస్తుంది."

"మీవాడు మిక్సీ విప్పి బిగిస్తాడుగా, మరి వాడికి ఇంజనీరింగు కోచింగు ఎందుకయ్యా?" అన్నాను. మరిది కాఫీ గ్లాసు కేసి చూస్తూ ఉండిపోయాడు.

ఇంట్లో వచ్చే విద్యని నేను తక్కువ చెయ్యను. మా అమ్మ నాకు ముగ్గు నేర్పింది ఏ సిలబస్సుతో? "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా." అంతే పాఠం. స్కేలు లేదు, రబ్బరు లేదు. వేళ్ళ సందునుంచి పిండి సమంగా జారాలి. ఎక్కడ మొదలైన మెలిక అక్కడికే వచ్చి కలవాలి. చేతికి నిలకడా, కంటికి కొలతా అక్కడే వస్తాయి.

కానీ ఆ బడి పొయ్యిమీద పాలు పొంగేవరకే. "ముగ్గయిందా? ఇక లోపలికి రా" అన్న కేకే ఆఖరి బెల్లు! బాపుగారికి ఆర్టు కాలేజీ లేకపోయినా, బొమ్మలడిగే పత్రికలున్నాయి, పక్కన ముళ్ళపూడి రమణగారున్నారు. పిల్లని ఇంట్లోనే నేర్చుకోమనే మనం రోజుకో గంటయినా తలుపేసుకోనిస్తున్నామా? కాలేజీలో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయిస్తారు. వంకరపోతే వంకరని మొహానే చెబుతారు. మనమేమో ఏది వేసినా "అబ్బ, ఎంత బావుందో!" అంటాం.

దామెర్ల రామారావుగారి సంగతే చూడండి. రాజమండ్రిలో చిన్ననాడే బొమ్మలకి చెయ్యి తిరిగినవాడు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర "నీకు వచ్చులే" అని ఊరుకోలేదు, బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకోవడానికి ఆసరా ఇచ్చాడు. ఆ చదువుతో రామారావుగారు తిరిగొచ్చి సొంత ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టారు. 1925లో, ముప్ఫై నిండకుండానే పోయారు గానీ, ఆయన శిష్యులు మిగిలారు. ఆయన భార్య సత్యవాణిగారూ కుంచె పట్టినవారే. ఒక్కరిని చదివిస్తే విద్య ఊరికి చేరేది ఇలాగే.

అందుకని, మీ ఇంట్లో బొమ్మలేసే పిల్ల ఉంటే ఫ్రేముకట్టే షాపుకి తర్వాత వెళ్ళొచ్చు. ముందు ఆ డబ్బు అప్లికేషనుకి పనికొస్తుంది.