మెల్లగా వెళితే పడిపోతాం

ఆడపిల్లకి మాటలు పూర్తిగా రాకముందే మనం నేర్పే మాట 'మెల్లగా'. మెల్లగా నడువు, మెల్లగా నవ్వు, మెల్లగా తలుపు వెయ్యి. ఇదంతా పిల్ల క్షేమం కోసమేనని అందరం అనుకుంటాం. ఆ మాటలో ఎంత అధికారం దాగుందో ఈ మధ్య ఒక పిల్లల బండి దగ్గర చూశాను.

కిందటి వేసవిలో అమెరికాలో, డల్లాస్ శివార్లలో ఉంటున్న మా అక్కావాళ్ళింట్లో నెల రోజులున్నాను. అక్క కూతురికి నాలుగున్నరేళ్ళు. బావగారి తమ్ముడి కొడుకుదీ అదే ఈడు, ఇల్లు రెండు వీధుల అవతల. ఇద్దరికీ కలిపి ఒక ఎలక్ట్రిక్ బాలెన్స్ బైక్ కొన్నారు. దానికి పెడళ్ళుండవు, పడిపోకుండా కాసే పక్క చక్రాలుండవు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనతాయి. మొదట మోటారు ఆపేసి కాళ్ళతో నెట్టుకుంటూ పోవాలి. తూకం చిక్కాక మోటారు వేసి, కుడిచేతి పిడి మెలితిప్పితే స్కూటర్‌లాగా కదులుతుంది. అప్పుడు పాదాలు పైకి తీసి బండి మీదే పెట్టుకోవాలి.

నిజానికి ఇది కొత్త వస్తువేమీ కాదు. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండికీ పెడళ్ళు లేవు, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవడమే. పెడళ్ళు 1860లలో పారిస్‌లో వచ్చాయి. రెండు వందల ఏళ్ళ నాటి ఆ బండికి ఇప్పుడు బ్యాటరీ తగిలించారు. 2019లో మోటార్ సైకిళ్ళ కంపెనీ హార్లీ డేవిడ్‌సన్ ఇలాంటి బళ్ళు చేసే స్టేసైక్‌ని కొనేసింది. చిన్న బండి ధర అప్పట్లో 649 డాలర్లు. మూడేళ్ళ పిల్లల దగ్గరే రేపటి కొనుగోలుదార్లని వెతుక్కుంటోంది మార్కెట్.

ఈ బళ్ళకి వేగం మార్చే మీట ఒకటుంటుంది. చిన్న బళ్ళలో గంటకి దాదాపు 8, 11, 14 కిలోమీటర్ల చొప్పున మూడు వేగాలు. కొత్తవాళ్ళు తక్కువతో మొదలుపెట్టాలి, అది సబబే. ఇద్దరూ అలాగే మొదలుపెట్టారు. రెండో వారానికి బాబు రెండో వేగానికి వెళ్ళాడు. బండి పాప చేతికి వచ్చినప్పుడల్లా అక్క వంగి మీట నొక్కి మళ్ళీ తక్కువలో పెట్టేది. అప్పటికి బాబు రెండుసార్లు పడ్డాడు. పాప ఒక్కసారీ పడలేదు. అయినా మీట మారేది పాప దగ్గరే. నాలుగు రోజులకి అక్క వంగనక్కర్లేకపోయింది. బండి ఇచ్చేముందు బాబే నొక్కి ఇచ్చేవాడు. దానికి 'గర్ల్ బటన్' అని పేరు కూడా పెట్టాడు! ఆ పేరు వాడికి ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకున్నాడు.

"ఎందుకక్కా తగ్గిస్తావు?" అని అడిగాను.

"ఆడపిల్ల, మొహమ్మీద దెబ్బ తగిలితే ఎలాగే?" అంది.

నాలుగున్నరేళ్ళ పిల్ల మొహం గురించి ఆ బెంగ ఎక్కడిది? రేపెవరో పెళ్ళిచూపులకొచ్చి చూడబోయే మొహమది. 1890లలో ఇంగ్లండులో, అమెరికాలో ఆడవాళ్ళు సైకిళ్ళెక్కినప్పుడు కొందరు డాక్టర్లు 'సైకిలు మొహం' అనే జబ్బునే కనిపెట్టారు. తొక్కే శ్రమకి, తూకం కోసం పడే ఆందోళనకి ఆడవాళ్ళ మొహాలు బిగుసుకుపోతాయని భయపెట్టారు. ఆ రోజుల్లోనే ఫ్రాన్సిస్ విలార్డ్ యాభై మూడేళ్ళ వయసులో సైకిలు నేర్చుకుని, ఆ నేర్చుకోవడం గురించి 1895లో పుస్తకమే రాసింది.

అక్కకి ఇవేవీ తెలియకపోవచ్చు, కానీ ఆంక్షలు తెలుసు. తెనాలిలో ఎనిమిదో తరగతి దాకా తను స్కూలుకి సైకిలు మీదే వెళ్ళేది. పెద్దమనిషి అయిన నెలలో సైకిలు గోడకి చేరింది. సైకిలు తొక్కితే ఆడపిల్ల 'పాడైపోతుంది' అంది నాన్నమ్మ. కన్నెపొర గురించిన ఆ అపోహని పైకి ఎవరూ అనరు, అందరూ పాటిస్తారు. తర్వాత అక్క ఆటోలో వెళ్ళింది. చదువుకుంది, ఉద్యోగం చేసింది, ఇప్పుడు హైవే మీద కారు నడుపుతోంది. కూతురి దగ్గరికొచ్చేసరికి ఆ గోడ మళ్ళీ లేచింది.

రెండు చక్రాల బండి సూత్రం మాత్రం మన పెంపకానికి సరిగ్గా తలకిందులు. బండి ఎటు ఒరిగితే హాండిల్ అటే తిప్పాలి. అప్పుడు చక్రాలు మన బరువు కిందికొస్తాయి. వేగం ఉంటే కాస్త తిప్పితే చాలు. వేగం తగ్గేకొద్దీ ఎక్కువ తిప్పాలి, ఎక్కువ తడబడాలి. కాస్త తూకం వచ్చిన పిల్లని అక్కడే ఆపేస్తే ఆమెకి కష్టమైన పని అప్పగించి, సులువైనది దాచేసినట్టే. పాప పాదాలు నేల మీద ఈడ్చుకుంటూనే తిరిగేది. చూసినవాళ్ళు "పాపకి భయం" అనేవారు. మీట సంగతి ఎవరూ అనరు. ఆడవాళ్ళ 'స్వభావం' అని మనం చెప్పుకునే ఎన్నిటి వెనక ఇలాంటి మీటలున్నాయో!

తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం సైకిలుని కూడా పాఠంలో చేర్చింది. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. పల్లెల్లోని ఆడవాళ్ళు లక్షమందికి పైగా నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశారు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి, లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే వాళ్ళు జెంట్స్ సైకిళ్ళెక్కారు. కొందరైతే అవే మేలన్నారు, అడ్డబారు మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని. తమకి ఏ బండి తగినదో వాళ్ళే తేల్చుకున్నారు. రాళ్ళ క్వారీ కూలీలు, వ్యవసాయ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు అలా రోడ్డెక్కారు. బస్సు కోసం, మగవాడి వెనక సీటు కోసం ఎదురుచూడడం మానేశారు.

పుదుక్కోట్టై కూలీ సైకిలునీ డల్లాస్ శివారు పిల్ల బ్యాటరీ బండినీ ఒక గాటన కట్టలేను. ఒకటి బతుకుతెరువు, ఒకటి ఆట. ఈ ఆటబండి మీద నాకు గొప్ప మోజూ లేదు. పిల్ల తన కాళ్ళ బలంతో సంపాదించుకోవలసిన వేగాన్ని మోటారు ఇచ్చేస్తుంది. ఇచ్చిన దానికి హద్దు కూడా ఇచ్చేవాళ్ళ చేతిలోనే ఉంటుంది. కాళ్ళతో తొక్కే వేగానికి అలాంటి మీట లేదు. అందుకే కాబోలు, నాన్నమ్మ సైకిలునే గోడకి చేర్చాల్సి వచ్చింది.

ఇవన్నీ అక్కతో అన్నాను. వాదించింది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రోజు సైకిలు తీసేసినప్పుడు నేనేమీ అనలేదే, అమ్మ కూడా ఏమీ అనలేదు" అంది చివరికి. మర్నాడు సాయంత్రం పాప బండెక్కినప్పుడు తను మీట జోలికి పోలేదు. అరుగు మీద చేతులు కట్టుకుని నుంచుంది. ఆ చేతులు అలా కట్టుకుని ఉండడం ఎంత కష్టమో నాకు కనిపిస్తూనే ఉంది. ఆడపిల్లల తల్లులం, పిన్నులం, అమ్మమ్మలం, మనం నేర్చుకోవలసిన తూకం అది. పిల్లలు మనకంటే తొందరగా నేర్చుకుంటారు.