మంచుగూటి నుంచి ఒక పిలుపు

ఫిబ్రవరి మధ్యలో, చీకటిపడే వేళకు, జపాన్ ఉత్తరభాగాన ఉన్న యొకోతె పట్టణంలో మంచుగూళ్ళు ఒక్కటొక్కటిగా వెలుగుతాయి. ఒక్కొక్కటి సుమారు మూడు మీటర్ల ఎత్తున, బోర్లించిన కుండ ఆకారంలో ఉంటుంది. లోపల వెనుకగోడలో చిన్న గూడు తొలిచి జలదేవతను నిలుపుతారు. కింద చాప, నడుమ నిప్పుల కుంపటి, చుట్టూ పిల్లలు. దారిన పోయేవారిని చూసి, లోపలికి దయచేయమనీ, దేవతకు మొక్కుకొని వెళ్ళమనీ తమ యాసలో పిలుస్తారు. వచ్చినవారికి 'అమజకె' అనే వెచ్చని బియ్యపు పానీయం, కాల్చిన బియ్యపు రొట్టె ఇచ్చి మర్యాద చేస్తారు. ఆ రాత్రి ఆ ఇంటి గృహస్థులు పిల్లలే, పెద్దలందరూ అతిథులు.

'కమకుర' అని పిలిచే ఈ ఆచారానికి సుమారు 450 ఏళ్ళ చరిత్ర ఉన్నదని చెబుతారు. 1936లో జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ దీనిని చూసి ముగ్ధుడయ్యాడు. పెద్ద గూళ్ళను కట్టేది అనుభవజ్ఞులైన పనివారు. నదీతీరాన మాత్రం జానెడు, మూరెడు ఎత్తు బుల్లి గూళ్ళు వందల సంఖ్యలో వెలుస్తాయి. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క కొవ్వొత్తి.

యొకోతె పట్టణం అకిత ప్రాంతంలో, కొండల నడుమ పళ్ళెంలాంటి లోయలో ఉన్నది. శీతకాలంలో సైబీరియా నుంచి వీచే చలిగాలి జపాన్ సముద్రాన్ని దాటుతూ తేమను నింపుకొని, ఈ కొండలను ఢీకొని మంచుగా కురుస్తుంది. అది మీటరు ఎత్తు దాటి పేరుకోవడం ఇక్కడ వింత కాదు. ఇంటి కప్పుల మీది మంచును పారలతో దింపకపోతే ఆ బరువుకు ఇళ్ళే కుంగిపోతాయి.

తెలుగులో మంచు అనే ఒక్క మాటలో ఎన్నో ఇమిడిపోతాయి. ధనుర్మాసపు వేకువలో గడ్డిపరకపై నిలిచిన బిందువూ మంచే, హిమాలయ శిఖరమూ మంచే. అకిత పిల్లవాడికి అలా కుదరదు. పిండిలా రాలేది 'కొనయుకి'. ముద్దలుగా పడే తడిమంచు 'బొతయుకి'. వసంతానికి ముందు పంచదార పలుకుల్లా మారేది 'జరమె'. రాత్రి గట్టిపడి మనిషి బరువును మోయగలిగేది 'కతయుకి'. ఈ చివరిది వచ్చిందంటే పిల్లలకు సంబరమే: గట్లతో పనిలేకుండా పొలాల మీదుగా అడ్డంపడి నడిచిపోవచ్చు.

ఇంతటి మంచు ప్రాథమిక పాఠశాలలో పాఠం కాకుండా ఎలా ఉంటుంది? జపాన్‌లో మంచు ప్రాంతాల బడులకు వేసవి సెలవులు తక్కువ, చలికాలపు సెలవులు ఎక్కువ. ఆ సెలవుల్లో చిన్న తరగతుల పిల్లలు 'ఎనిక్కి', అనగా బొమ్మల దినచర్య, రాస్తారు. పుటలో పైసగం బొమ్మకు, కిందిసగం నాలుగు మాటలకు. ఇక్కడే పసివారికి ఒక చిక్కు ఎదురవుతుంది: తెల్లకాగితం మీద తెల్లని మంచును గీయడమెట్లా? ఉపాధ్యాయులు కొన్నిసార్లు నీలిరంగు కాగితమో నల్లకాగితమో ఇచ్చి తెల్లరంగు వేయిస్తారు. తెల్లకాగితమే ఉన్నప్పుడు చుట్టూ ఉన్న చెట్టునూ ఇంటినీ ఆకాశాన్నీ గీసి, మంచును గీయకుండా వదిలివేయాలి. చిత్రకళలో ఇది చిన్న పాఠం కాదు.

జనవరి 2న కొత్త సంవత్సరపు తొలిరాత రాయడం దేశమంతటా ఉన్న ఆచారం. దానిని 'కకిజొమె' అంటారు. ఒకటి, రెండు తరగతుల వారు పెన్సిలుతోనూ, మూడవ తరగతి నుంచి కుంచెతో సిరాలో ముంచీ, పొడవాటి కాగితంపై తొలిపొద్దు అనో, ఆశ అనో రాస్తారు. సెలవుల తరువాత వాటిని బడి గోడలకు వేలాడదీస్తారు. జనవరి మధ్యలో, తెలుగువారి భోగిమంటలను తలపించే మంటల్లో, కొన్నిచోట్ల ఆ రాతలను వేస్తారు. కాగితం ఎంత ఎత్తుకు ఎగిరితే దస్తూరి అంత బాగుపడుతుందని నమ్మకం. కమకుర మూలాల్లో ఒకటి ఇటువంటి మంటల పండుగేనని పెద్దలంటారు.

ఇంతవరకూ వేడుక. అయితే అకిత పిల్లల చలికాలపు రాతలకు మరొక చరిత్ర ఉన్నది. అది అంత వెచ్చనిది కాదు.

1929లో నరిత తదహిస అనే ఆయన అకిత నగరంలో 'ఉత్తరాది విద్య' అనే అర్థం వచ్చే పేరుతో ఒక సంఘాన్ని నెలకొల్పాడు. మరుసటి ఏడు అదే పేరుతో పత్రిక వెలువడింది. చుట్టుపట్ల పల్లెబడుల యువ ఉపాధ్యాయులు అందులో చేరారు. మంచు పూలవలె రాలుతున్నదని పుస్తకాల్లోని మాటలను తిరగరాసే వ్యాసాలు వారికి రుచించలేదు. నీ ఇంటి కప్పు మీది మంచును దింపినదెవరు? రాత్రి దీపం ముందు గడ్డితాళ్ళు పేనుతూ అమ్మ ఏమన్నది? చలికాలపు కూలికి దూరదేశం వెళ్ళిన నాన్న ఎప్పుడు వస్తాడు? ఇటువంటివి, ఇంట్లో మాట్లాడుకొనే యాసలోనే రాయమన్నారు. ఆ రాతలను మైనపుకాగితంపై ఇనుపగంటంతో చెక్కి, సిరా పూసి, ఒక్కొక్క ప్రతిగా అచ్చుతీసి, పిల్లల చేతికే పుస్తకంగా ఇచ్చారు.

1934లో వేసవి చల్లబడి ఈశాన్య జపాన్‌లో వరి పండలేదు. అప్పుల్లో మునిగిన రైతు కుటుంబాలు కొన్ని ఆడపిల్లలను అమ్ముకొన్న కాలమది. పసివాడు కళ్ళెదుట ఉన్నది ఉన్నట్లు రాస్తే ఆ కాగితం మీద కరువు కనిపించక తప్పదు. యుద్ధం వైపు నడుస్తున్న ప్రభుత్వానికి అదే నేరంగా తోచింది. 1940 నుంచి, 1925 నాటి శాంతిభద్రతల చట్టం కింద, అకితలోనూ, హొక్కైడోలోనూ, ఇతర ప్రాంతాలలోనూ పిల్లలచేత వ్యాసాలు రాయించిన ఉపాధ్యాయులను నిర్బంధించారు.

యుద్ధం ముగిసిన తరువాత ఆ సంప్రదాయం మళ్ళీ చిగిర్చింది. పొరుగునున్న యమగత ప్రాంతపు కొండపల్లెలో ముచకు సెఇక్యొ అనే యువ ఉపాధ్యాయుడు తన మాధ్యమిక పాఠశాల విద్యార్థుల రాతలను 1951లో 'యమబికో గక్కో' ('ప్రతిధ్వని బడి') అనే పేరుతో ప్రచురించాడు. మంచుకింద బతికే మనుషుల గురించిన ఒక విద్యార్థి చిన్న కవితతో మొదలయ్యే ఆ పుస్తకాన్ని దేశమంతా చదివింది. మరుసటి ఏడు అది చలనచిత్రమైంది.

నేటి అకిత బడుల్లో పిల్లలు ఇంటివద్ద తమంత తాము నోటుపుస్తకం నింపుతారు. ఉపాధ్యాయులు దానిని చదివి ఎర్రసిరాతో తమ మాట రాస్తారు. 2007లో మొదలైన జాతీయ పరీక్షల్లో ఈ మారుమూల ప్రాంతపు ఆరవ తరగతి పిల్లలు మొదటి వరుసలో నిలిచినప్పుడు దేశం ఆశ్చర్యపోయింది.

కాని ఇక్కడి దిగులు ఇప్పుడు వేరొకటి. జపాన్‌లో వృద్ధుల శాతం అత్యధికంగా ఉన్న ప్రాంతం అకిత. యువత నగరాలకు తరలిపోతున్నది, జననాలు తగ్గుతున్నాయి, పల్లెబడులు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. మంచు మాత్రం కప్పులపై అంతే బరువుతో పడుతున్నది. దానిని దింపవలసిన చేతులు ముదిమికి వణుకుతున్నాయి.

అందుకే యొకోతె మంచుగూటి ముందు నిలబడినప్పుడు ఆ పిలుపు మరొక విధంగా వినిపిస్తుంది. మంచును పోగుచేయడం, గట్టిపరచడం, లోపల తొలవడం పనితనమున్న పెద్దలకు తెలుసు. కొవ్వొత్తి ఎవరైనా వెలిగించవచ్చు. లోపలికి దయచేయమని ఆ యాసలో పిలవడానికి మాత్రం పిల్లలే కావాలి.