గుండీ కళ్ళు



పోయిన నెల ఆరాధన వీడియోలో మన మందిరం బీరువా మీద వరసగా కూర్చున్న అల్లిక బొమ్మలు కనబడ్డాయట. "అయ్యగారూ, అవేంటండీ? బాతులా? ఎవరు చేశారు?" అని కువైట్ నుంచి, హైదరాబాదు నుంచి మీలో కొందరు అడిగారు. దారం కొనమని డబ్బు పంపినవాళ్ళు కూడా మీలో ఉన్నారు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పడం మా బాధ్యత. మేము అంటే ఇక్కడ పాస్టరు, పాస్టరమ్మ ఇద్దరం. చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతులు కూడా ఇందులో ఉన్నాయి. అవీ ఇద్దరివే.

మన ఊరి సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నరసాపురం చుట్టుపక్కల లేసు సూది లేని ఇల్లు వెతికితే గాని దొరకదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు మన ఆడవాళ్ళ చేతికి ఈ సూది ఇచ్చారు. అప్పటినుంచి అమ్మ చేతిలోంచి కూతురి చేతిలోకి వస్తూనే ఉంది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లిన పువ్వులు లెక్కపెట్టి పట్టుకెళ్తాడు, అవి ఎక్కడో అతుకులు పడి టేబుల్ గుడ్డలై ఓడలెక్కుతాయి. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. రోజంతా సూది కదులుతున్నా వీళ్ళని పనివాళ్ళుగా ఎవరూ లెక్కవేయరనీ, ఖాళీగా ఇంట్లో కూర్చుని ఏదో అల్లుకుంటున్నారని అనుకుంటారనీ ఆవిడ అందులో చూపించారు. 2024లో మన లేసుకి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఆ కబురు మందిరంలో చెబితే మా మామ్మగారొకరు, అదేనండి, ముందు వరసలో చాప మీద కూర్చునే పెద్దావిడ, "అయితే రేటు పెరిగిద్దాండీ?" అని అడిగారు. ఆవిడ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు సూది పట్టారు. ఆవిడ ఇంట్లో లేసు గుడ్డ ఒక్కటీ లేదు.

ఇక బొమ్మల సంగతి. కువైట్‌లో పనిచేస్తున్న మన సంఘపు అమ్మాయి ఒకరు వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళ పక్కన పెట్టడానికి అల్లిన చిన్న ఆక్టోపస్ బొమ్మలు. 2013లో డెన్మార్క్‌లో మొదలైందట ఈ పని. పసివాళ్ళు చేతికి తగిలిన తీగల్ని, గొట్టాల్ని లాగేయకుండా ఆ బొమ్మ కాళ్ళు పట్టుకుంటారని వాళ్ళ ఆలోచన. నూలుతోనే అల్లాలి, కాళ్ళు సాగదీసినా 22 సెంటీమీటర్లు దాటకూడదు, 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతకాలి, ఇలా చాలా నియమాలున్నాయి. మేము ఉత్సాహపడిపోయాం. ఆసుపత్రికి వెళ్ళి అడిగితే నర్సమ్మగారు నవ్వుతూనే, "పురిటి పిల్లల గదిలోకి బయటి వస్తువులు వద్దండి. కాస్త పెద్ద పిల్లలకైతే చేయండి, బయట చాలామంది ఉన్నారుగా" అన్నారు. ఆ మాట నిజమే. మన చుట్టూ రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా ఉండే కుటుంబాల పిల్లలున్నారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, బరకం పట్టా పాకల్లో, ఏరేటర్ల చప్పుడు మధ్య పెరుగుతున్నారు. వాళ్ళకి ఆట వస్తువంటే ఖాళీ మేత బస్తానే.

ఆ ఆదివారమే ప్రకటించేశాం. చేతి విద్య ఉన్న స్త్రీలందరూ వారానికొక బొమ్మ ఉచితంగా అల్లి దేవునికి ఇవ్వాలని. యొప్పే పట్టణపు దొర్కా గురించి, అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం తీసి గంటసేపు చెప్పాం. తలలన్నీ ఊగాయి. తలలు ఊగడం చూసి సంతోషించడం మా బలహీనత.

ఆరాధన అయ్యాక ఒక చెల్లెమ్మ మాత్రం స్తంభం దగ్గర నిలబడిపోయింది. భర్త పోయి నాలుగేళ్ళు. ఇద్దరు పిల్లలు, లేసు కూలి మీదే బతుకు. "అయ్యగారూ, దారం ఎవరిదండి?" అంది. దారం సంఘం ఇస్తుందన్నాం. "మరి పొద్దండి? పగలు లేసు అల్లితే నాకు కూలొస్తాది. ఆ పూట ఇది అల్లితే రాత్రికి కూరేంటండి?" కోపంగా అడగలేదు. లెక్క తెలుసుకుందామని అడిగింది. మేము మళ్ళీ దొర్కా పేరు ఎత్తాం. ఆవిడ తల దించుకుని అంది: "దొర్కమ్మగారికి ఉండి ఉంటాదండి. ఆవిడ పోతే పేతురుగారి చుట్టూ నిలబడి బట్టలు చూపించి ఏడ్చినోళ్ళు ఉన్నారే, విధవరాండ్రు, నేను ఆళ్ళలో దాన్నండి."

ఆ అధ్యాయం మీద ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఆ మేడగదిలో ఎవరు ఎటువైపు నిలబడ్డారో ఒక్కసారీ చూడలేదు. ఇచ్చిన ఆమె పేరు పట్టుకుని, తీసుకున్నవాళ్ళనే ఇమ్మని అడుగుతున్నాం.

ఆ రాత్రి మా ఇంట్లో మాటా మాటా వచ్చింది. ఇష్టముంటే ఇస్తారు, లేకుంటే లేదు, మనం బలవంతపెట్టామా అని ఒకరం. ప్రసంగ పీఠం మీంచి అడిగితే అది బలవంతం కాదా అని ఇంకొకరం. మాలో ఒకరి తల్లి కిరసనాయిలు దీపం కింద లేసు అల్లి అల్లి అరవై నిండకముందే చూపు పోగొట్టుకున్నారు. ఆ సంగతి గుర్తొచ్చాక వాదన ఆగిపోయింది.

తరవాతి ఆదివారం నిలబడి, తప్పు చెప్పామని ఒప్పుకున్నాం. ఒక బొమ్మకి ఎంత పొద్దు పడుతుందో చూసి, అంత పొద్దు లేసు అల్లితే వచ్చే కూలి సంఘమే ఇస్తుందన్నాం. డబ్బు కోతపండుగ కానుకల్లోంచి, మీరు పంపిన దాంట్లోంచి. కూలి తీసుకున్నదెవరో, వద్దన్నదెవరో ఎక్కడా చదవం, బోర్డు మీద రాయం. కవర్లలో పెట్టి ఇస్తాం, అంతే. ఒకరిద్దరు పెద్దలకి ఇది నచ్చలేదు. దేవుని పనికి కూలేంటన్నారు. పైకప్పు రేకులు వేసిన మేస్త్రికి కూలి ఇచ్చాం కదా అంటే ఊరుకున్నారు. మేస్త్రి మగవాడు కాబట్టి అప్పుడు ఆ అనుమానం రాలేదేమో.

పని మొదలుపెట్టాక ఒక తమాషా జరిగింది. ఇంత చేయి తిరిగినవాళ్ళకి మొదటి బొమ్మలు అస్సలు కుదర్లేదు. లేసుకి అందం కన్నాల్లో ఉంది. సన్నటి ఉక్కు సూది, సన్నటి దారం, ఎంత గాలాడితే అంత ముచ్చట. బొమ్మకి కన్నమే శత్రువు. మన వాళ్ళు అలవాటు కొద్దీ వదులుగా అల్లేసరికి, దిండ్లలో కుక్కే ఫైబరు దూది ప్రతి సందులోంచి తెల్లగా బయటికి వచ్చేసింది. మొదటి ఏనుగుకి గడ్డాలు, మీసాలు మొలిచాయి. చివరికి ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె యూట్యూబులో చూసి నేర్చుకుని వీళ్ళకి నేర్పింది. లావు నూలు దారం, దానికి తగ్గ లావు సూది. మొదట ఒక ముడిలో 6 కుట్లు, రెండో చుట్టులో 12, మూడో చుట్టుకి 18, అలా పెంచుకుంటూ పోతే గిన్నెలా వంగుతుంది. కొన్ని చుట్లు పెంచకుండా తిప్పి, తరవాత అదే లెక్కన తగ్గించుకుంటూ వస్తే బంతి. చుట్టు ఎక్కడ మొదలైందో మర్చిపోకుండా వేరే రంగు దారం ముక్క పెట్టుకోవాలి. మామ్మగారు మాత్రం ఆ ముక్క అక్కర్లేదన్నారు. ఆవిడ వేళ్ళే లెక్కపెట్టుకుంటాయి.

ఆక్టోపస్ ఎవరికీ రుచించలేదు. ఒకటి అల్లి చూపిస్తే ఆదివార బడి పిల్లలు "సాలీడు, సాలీడు" అని పరుగెత్తారు. అందుకని బాతులు, కోడిపిల్లలు, ఒక పీత. రొయ్య కూడా అల్లారు గాని, చెరువు గట్టు మీద పిల్లలకి రొయ్య ఎందుకని మేమే ఆపాం.

ఇక మా రెండో తప్పు.

బొమ్మలకి కళ్ళు దారంతో కుట్టమని ఆ అమ్మాయి మొదటే చెప్పింది. గుండీలైతే మెరుస్తాయి, ఫోటోలో బాగా పడతాయి అని మేమే నల్ల గుండీలు కొనుక్కొచ్చాం. ఫోటోలో అన్నమాట నిజంగానే అన్నాం. 24 బొమ్మలు సంచుల్లో వేసుకుని, ఆటో కట్టించుకుని చెరువుల మీదికి వెళ్ళాం. ఒక పాక ముందు ఏడాది దాటిన పాపని, నీళ్ళలో పడకుండా, నడుముకి చీర ముక్క కట్టి మంచం కోడుకి ముడివేసి ఉంచారు. తల్లి వలలు బాగుచేస్తోంది. మేము పాప చేతిలో బాతుని పెట్టి, ఇటు చూడమని, నవ్వమని, ఫోను ఎత్తాం. పాప నవ్వలేదు. ఆ వయసు పిల్లలు ఏం చేస్తారో అదే చేసింది, బాతు తల నోట్లో పెట్టుకుంది. రెండో ఫోటో తీసేలోపు తల్లి వల పడేసి పరుగెత్తుకొచ్చింది. పాప దవడ నొక్కి, వేలు పెట్టి, గుండీ బయటికి తీసింది.

ఆయమ్మ అరవలేదు. గుండీని కొంగుతో తుడిచి మా చేతిలో పెట్టింది. తరవాత బాతుని కూడా పెట్టింది. "ఫోటో అయిపోయిందిగా అండి. తీసుకెళ్ళండి" అంది.

మేము మళ్ళీ ప్రతి పాకకీ తిరిగి, ఇచ్చిన బొమ్మలన్నీ వెనక్కి అడిగాం. ఇచ్చిన దానం తిరిగి అడగడం ఎలా ఉంటుందో అనుభవిస్తేగాని తెలియదు. కొందరు పిల్లలు ఏడ్చారు. ఒక నాలుగేళ్ళ వాడు తన కోడిపిల్లని మేత బస్తాల వెనక దాచేసి ఎంతకీ ఇవ్వడు. చివరికి వాడి ముందే కత్తెరతో గుండీలు రెండూ తీసేసి గుడ్డి కోడిపిల్లని వాడికే ఇచ్చేశాం. వాడు దాన్ని పొట్టకి హత్తుకుని మా ఆటో మలుపు తిరిగేదాకా అనుమానంగా చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చి ఫోన్లోంచి ఆ ఫోటోలన్నీ తీసేశాం. మిగతా 23 బొమ్మలకి గుండీలు ఊడదీసి, నల్ల దారంతో కళ్ళు కుట్టడానికి రెండు వారాలు పట్టింది. అది మా తప్పు కాబట్టి ఆ కుట్టుపని మేమిద్దరమే చేశాం. మాలో ఒకరికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఆ కళ్ళు కొన్ని మెల్లకళ్ళయ్యాయి. ఇప్పుడు ప్రతి బొమ్మనీ ఇచ్చేముందు చెవులు, ముక్కు, తోక గట్టిగా లాగి చూస్తాం. ఊడిందా, అది బీరువా దాటదు.

రెండోసారి వెళ్ళేటప్పుడు మామ్మగారు తనూ వస్తానన్నారు. మోకాళ్ళ నొప్పి కదండీ అంటే వినలేదు. ఫోన్లు సంచిలోనే ఉంచాం. పాప తల్లి మమ్మల్ని చూసి లేవలేదు. మామ్మగారు వెళ్ళి ఆవిడ పక్కన గట్టు మీద కూర్చుని, వల కన్నం చూసి, "ఇది మా లేసులాగే ఉందే" అన్నారు. ఇద్దరూ ముళ్ళ గురించి ఏదో మాట్లాడుకున్నారు. మాకు వినబడలేదు. కాసేపటికి ఆ తల్లే మామ్మగారి సంచిలోంచి బాతుని తీసి, కళ్ళు గోటితో గీరి చూసి, పాపకిచ్చింది.

ఇంతలో ఇంకో పిల్లాడు తన బాతు మెడకి పురికోస కట్టి గట్టు మీద బురదలో బరబరా ఈడ్చుకుపోతున్నాడు. పసుపు బాతు కాస్తా నల్లబడింది. అయ్యో, మామ్మగారు ఏమనుకుంటారో అని మేము గబగబా అటు చూశాం. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. "ఉతికితే పోద్దిలే" అన్నారు. కొంచెం ఆగి, "కుట్టు ఊడలేదు చూశారా, అంతలా ఈడ్చినా" అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. వంతెన దాటాక అడిగారు: "అయ్యగారూ, ఆ దొరల దేశాల్లో మన లేసు గుడ్డ పరిచిన బల్ల మీద పిల్లలు కూర్చుని అన్నం తింటారంటారా? పులుసు ఒలకబోస్తారంటారా?" తింటారు, ఒలకబోస్తారు కూడా అన్నాం. అరవై ఏళ్ళు అల్లిన మనిషి ఆ సంగతి ఊహించుకోవడం అదే మొదలనుకుంటా.

స్తంభం దగ్గర నిలబడ్డ చెల్లెమ్మ ఇప్పుడు మన వాళ్ళందరిలో బాగా అల్లుతోంది. ప్రతిసారీ కవరు తీసుకుంటుంది, అక్కడే విప్పి లెక్కపెట్టుకుంటుంది. ఒకసారి పది రూపాయలు తక్కువ వచ్చాయని వెనక్కి వచ్చి చెప్పింది. మాకు ఆ రోజు ఎందుకో చాలా సంతోషమైంది.

ప్రస్తుతం బీరువా మీద 31 ఉన్నాయి. వానలు తగ్గి గట్లు ఆరాక మళ్ళీ వెళ్తాం. మామ్మగారు ఆటోలో ముందు సీటు ఇప్పటికే అడిగి పెట్టుకున్నారు. సహాయం చేయాలనుకునేవారు లావు నూలు దారం పంపవచ్చు. పసుపు, ఆకుపచ్చ రంగులు తొందరగా అయిపోతున్నాయి. పాత దిండ్లలో దూది వద్దు, కొత్తదే కావాలి. గుండీలు మాత్రం దయచేసి పంపకండి.

ప్రభువు సేవలో,
మీ అయ్యగారు, అమ్మగారు