టర్బో పోయిందంటే ముందు గొట్టాలు చూడండి!

మీ ఇంట్లో పాత డీజిల్ కారు ఎత్తు ఎక్కలేక మూలుగుతోందా? కంగారుపడకండి. శ్రీశైలం ఘాట్‌లో మా బండీ అలాగే చతికిలబడింది. టర్బో పోయింది, కొత్తది వేయాలన్నాడు మెకానిక్. అమ్మాయి ఫీజుకని దాచిన డబ్బు కళ్ళముందు మెదిలింది. “ముందు గొట్టాలు విప్పి చూపించు బాబూ” అన్నాను. ఇంజనుకు గాలి తీసుకెళ్ళే రబ్బరు గొట్టం చీలి ఉంది! అది మార్చగానే బండి పరుగందుకుంది.

పొగ రంగు గమనించండి. స్టవ్‌కి గాలి అందకపోతే గిన్నె మసిబారినట్టే, ఇంజనుకు గాలి చాలకపోతే నల్లపొగ వస్తుంది. ఫిల్టరు, గొట్టాలు, క్లిప్పులు చూపించండి. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోందన్నమాట. సైరన్‌లా కూత పెడుతుంటే టర్బో బేరింగు అరిగిందేమో, ఆలస్యం చేయొద్దు. ఆయిలు మాత్రం వేళకు మార్పించండి. టర్బోకి ప్రాణం అదే మరి!